ఆదివారం వేట: ఎవరి సెలవు, ఎవరి ఆకలి
నెల్లూరు తీరం కథ – 14

1831లో ఇంగ్లండు పార్లమెంటు ఒక వేట చట్టం చేసింది. ఆదివారం నాడు, క్రిస్మస్ నాడు వేటపిట్టల మీదా కుందేళ్ల మీదా తుపాకీ పేల్చినా, కుక్కను ఉసిగొల్పినా, వల పన్నినా నేరమని అందులో మూడో సెక్షను చెబుతుంది. రెండు వందల ఏళ్లు కావస్తున్నా ఆ నియమం అక్కడ ఇంకా అమల్లోనే ఉంది. సముద్రం దాటి అమెరికా చేరినవాళ్లు ఈ పట్టింపును మరింత గట్టిగా పట్టుకున్నారు. పెన్సిల్వేనియాలో వేటగాళ్లూ, చర్చికి వెళ్లేవాళ్లూ, పొలాల యజమానులూ తరాల తరబడి దీని మీద వాదులాడుకున్నాక 2019లో ఏడాదికి మూడు ఆదివారాలు వేటకు వదిలారు. 2025లో మిగతా ఆంక్ష కూడా ఎత్తేశారు. మెయిన్, మసాచుసెట్స్ రాష్ట్రాలు ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఫ్రాన్సులో గొడవ ఇంకో రకం. అడవిలో నడకకు వెళ్లినవాళ్లకు గుళ్లు తగులుతుంటే ఆదివారమైనా తుపాకులు దించమని జనం అడిగారు. 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఆ కోరికను పక్కనపెట్టి వేరే జాగ్రత్తలతో సరిపెట్టింది.

మన తీరాన్ని ఏలింది ఆ 1831 చట్టం చేసినవాళ్లే. వాళ్ల కోర్టులు వచ్చాయి, స్టాంపు కాగితాలు వచ్చాయి, అటవీ చట్టాలు వచ్చాయి. ఆదివారం వేటాడకూడదన్న నియమం మాత్రం పులికాటు ఒడ్డుకు రాలేదు. పోయిన భాగంలో బకింగ్‌హాం కాలువ తవ్వకం చూశాం. అదే కాలువ గట్టు మీద నిలబడి ఈసారి ఆ రాని చట్టం సంగతి చూద్దాం. నెల్లూరు తీరంలో వేట ఏ రోజు ఆగాలో ఎవరు చెప్పారు, ఆగినప్పుడు ఎవరి పొయ్యి ఆరింది అన్నదే ఈ భాగం కథ.

దొరల ఆదివారానికి మనదేశంలో మొదట్లో పెద్ద పట్టింపే ఉండేది. 1799లో వెల్లస్లీ పత్రికల మీద పెట్టిన ఆంక్షల్లో ఆదివారం పత్రిక వేయరాదన్నది ఒకటి. 1840ల్లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వ నిర్మాణ పనులకు ఆదివారం విరామం ఇప్పించాడు. అచ్చుకూ సున్నపు పనికీ వర్తించిన ఆదివారం తుపాకీకి ఎందుకు వర్తించలేదు? నాకు తోచే కారణం ఒక్కటే. వారమంతా కచేరీలో కూర్చునే దొరకు వేటకు తీరిక దొరికేదే ఆ రోజు. సొంత ఊళ్లో భూస్వామికి వారమంతా తీరికే కాబట్టి ఆదివారం మానుకున్నా నష్టం లేదు. ఇక్కడి ఉద్యోగికి అది మానుకుంటే వేటే లేదు. మద్రాసు నుంచి ఎన్నూరు మీదుగా పడవలో వస్తే పులికాటు ఎంతో దూరం కాదు. చలికాలం వచ్చేసరికి బాతులూ ఉల్లంకిపిట్టలూ సరస్సంతా పరుచుకుని ఉంటాయి. వాటి మీద చట్టం చేయాల్సినవాళ్లూ, వాటిని వేటాడేవాళ్లూ ఒకే క్లబ్బు మనుషులు.

అందుకే చట్టాలు వచ్చినప్పుడు వారాన్ని ముట్టుకోకుండా రుతువుల చుట్టూ తిరిగాయి. 1887 చట్టం ప్రకారం పిట్టలు పొదిగే కాలంలో పట్టణాల్లోనూ కంటోన్మెంట్లలోనూ కొత్తగా చంపిన పిట్టలను అమ్మకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. 1912 చట్టం ఇంకాస్త ముందుకెళ్లింది. బాతులు, కౌజులు, నెమళ్లు, కొంగలు, పాలపిట్టలు, లకుముకి పిట్టలు, జింకలు, కుందేళ్లు అని జాబితా వేసి, ఏ జాతిని ఏ నెలల్లో ముట్టకూడదో ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. జాబితాలోకి కొంగలు రావడం ఊరికే జరగలేదు. యూరపు ఆడవాళ్ల టోపీల మీదికి ఈకల కోసం కొంగలను ఊచకోత కోసిన రోజులవి. 1902లోనే మన ప్రభుత్వం ఈకల ఎగుమతిని ఆపాల్సి వచ్చింది. పిట్ట గుడ్డు పెట్టే కాలంలో దాన్ని వదిలేయాలన్నది న్యాయమైన మాట, ఇందులో నాకు వాదం లేదు. నా వాదమంతా పక్కన ఉన్న మిగతా చట్టాలతో.

1878 ఆయుధ చట్టం కింద మనవాళ్లు తుపాకీ పట్టాలంటే లైసెన్సు కావాలి. యూరపియన్లకు ఆ బాధ లేకుండా మినహాయింపు ఇచ్చారు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో నియమాలు మీరి వేటాడినా, చేపలు పట్టినా, ఉచ్చులు వేసినా నేరమంది. ఈ రెండూ కలిపి చూడండి. తుపాకీ ఉన్నవాడిది షికారు అయింది. ఉచ్చు ఉన్నవాడిది నేరం అయింది.

ఉచ్చు ఉన్నవాడు ఈ తీరంలో ఎక్కువగా యానాది.

శ్రీహరికోట 1835లో ప్రభుత్వం చేతికి వచ్చేనాటికి ఆ దీవి అడవిలో యానాదులు ఉన్నారు. సర్కారు వాళ్లను తరిమేయలేదు, పనికి పెట్టుకుంది. తేనె, అద్దకానికి వాడే చిరువేరు, అడవి కాయలు తెచ్చి అప్పగిస్తే బియ్యమో బట్టో ఇచ్చేది. అక్కడి కట్టెలు కాలువ మీద మద్రాసు పొయ్యిలకు పోయేవి. నెల్లూరు జిల్లా మీద బోస్‌వెల్ 1873లో రాసిన మాన్యువల్లోనూ, 1901లో రంగారావు యానాదుల మీద రాసిన మద్రాసు మ్యూజియం బులెటిన్‌లోనూ, తర్వాత థర్‌స్టన్ సంపుటాల్లోనూ వీళ్ల ప్రస్తావన ఉంది. అవి బయటివాళ్లు కొలిచి రాసినవి. లోపలికి వెళ్లి రాసిన మనిషి వెన్నెలకంటి రాఘవయ్య. జీవితం ధారపోసి యానాదుల కోసం పనిచేసిన నెల్లూరు మనిషి ఆయన. 1962లో వచ్చిన ఆయన పుస్తకం దగ్గర లేకుండా ఈ జిల్లా చరిత్ర రాయబూనడం సరికాదు.

యానాది వేటను దగ్గరగా చూస్తే అందులో ఏ రోజు సెలవు అన్న ప్రశ్నకే చోటు లేదని తెలుస్తుంది. కోతలయ్యాక పొలంగట్ల వెంట నడుస్తూ ఎలుక బొరియలు చూస్తాడు. ఒక బొరియకు నోళ్లు చాలా ఉంటాయి. తడిమట్టి ముద్దలు పెట్టి ఒక్కొక్కటీ మూసేస్తాడు. ఒక కుండ అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. కుండ నిండా గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియ మూతికి ఆనించి, అడుగు బెజ్జంలోంచి బుగ్గలు పొంగించి ఊదుతాడు. పొగ లోపలికి పోతుంది. ఉక్కిరిబిక్కిరైన ఎలుకలు ఎటూ దారి లేక మట్టికిందే సోలిపోతాయి. అప్పుడు గునపంతో తవ్వడం మొదలవుతుంది. ఎలుకతో పాటు అది దాచుకున్న వరివెన్నులూ దొరుకుతాయి. కూడూ కూరా ఒకే గుంటలోంచి వస్తాయన్నమాట. రైతుకు ఎలుకల బెడద తగ్గుతుంది. యానాదికి ఆ పూట గడుస్తుంది. ఇంత పనీ ఆ పూట కడుపు కోసం. దాచుకునేందుకు మిగిలేది ఏమీ ఉండదు. ఏడో రోజు విశ్రాంతి తీసుకోవాలంటే ఆరు రోజుల సంపాదనలో ఒక పూట మిగలాలి.

పైగా నేరస్థ జాతుల చట్టం నీడ యానాదుల మీదా పడింది. ఆ చట్టం కింద పేరు నమోదైన మనిషి స్టేషనులో హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. పొద్దున ఎటు బొరియలు ఉంటే అటు వెళ్లాల్సినవాడికి ఇంతకంటే పెద్ద వేట నిషేధం ఏముంటుంది? మద్రాసు రాష్ట్రం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది, దేశమంతటా 1952లో పోయింది. రాఘవయ్య పట్టుబట్టి చేసిన పోరాటాల్లో ఇదొకటి.

ఇప్పుడు ఆదివారం సంగతికి వద్దాం. ఈ జిల్లాలో ఆదివారం మీద నిజమైన యుద్ధం జరిగింది. అది వేట మీద కాదు, కూలి మీద. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. గుంటూరు జిల్లా ఏర్పడ్డాక 1904లో అటు పోయింది. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి యర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగ పల్లెలు కదిలాయి. కొత్తగా చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలకు మొక్కవద్దు, చచ్చిన గొడ్డును తినవద్దు, ఆదివారం పని చేయవద్దు.

మొదటి రెండూ ఊరి పెద్దలకు అంతగా పట్టలేదనే అనుకోవాలి. మూడోది మంట పుట్టించింది. కళ్లం మీద ధాన్యం ఉంది, వాన కమ్ముకొస్తోంది, మోట కట్టాలి, తోలు కుట్టాలి. తరాలుగా పిలిస్తే వచ్చే మాదిగ ఈరోజు ఆదివారం రానంటాడు. ఆరు రోజులు చేస్తాం, ఏడోరోజు ప్రార్థనకు పోతాం అంటాడు. కరణానికీ మునసబుకూ భూస్వామికీ అది దేవుడి సంగతిగా కనపడలేదు, తిరుగుబాటుగా కనపడింది. కొట్టారు, బావుల దగ్గరికి రానివ్వలేదు, ఊళ్లో సరుకు పుట్టకుండా కట్టడి చేశారు. వాళ్లు మాత్రం ఆదివారం వదల్లేదు. మతం మారడం మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, తన శరీరాన్ని వారానికి ఒకరోజు తన దగ్గరే ఉంచుకుంటానని ఈ జిల్లాలో కట్టుబానిస లాంటి మనిషి తెగించి అనడం పెద్ద సంగతి. బొంబాయి మిల్లు కార్మికులకు నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాటంతో ఆదివారం సెలవు దక్కింది 1890 జూన్ 10న. దానికి ఇరవై ఏళ్ల ముందే ఒంగోలు పల్లెల్లో ఈ పోరు నడిచింది. మన కార్మిక చరిత్ర పుస్తకాల్లో దానికి ఒక పేజీ అయినా రావాలి.

అలా దొర ఆదివారం తుపాకీ పట్టి సరస్సుకు పోయేవాడు. మాదిగ ఆదివారం పని మానినందుకు దెబ్బలు తినేవాడు. యానాదికి ఆదివారమే లేదు. ఒకే జిల్లా, ఒకే రోజు.

ఊళ్లు కూడా వేట ఆపమని అడిగిన సందర్భాలు ఉన్నాయి. మనకు దక్షిణాన చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్‌లో చెరువు మీద వాలే పిట్టలను తెల్ల సిపాయిలు కాలుస్తుంటే రైతులు వెళ్లి కలెక్టరుకు మొరపెట్టుకున్నారు. 1798లో కలెక్టర్ లయొనెల్ ప్లేస్ వాళ్ల హక్కును గుర్తిస్తూ కౌలు రాసిచ్చాడు. 1858లో మళ్లీ అడిగి ఆ మాటను ఖాయం చేయించుకున్నారు. వాళ్ల లెక్క స్పష్టం. పిట్టల రెట్ట చెరువు నీళ్లలో కలుస్తుంది, ఆ నీళ్లు పొలానికి ఎరువు. సూళ్లూరుపేటకు పైన ఉన్న నేలపట్టులో కూడా ఇదే ఎరుక. చెరువులో మునిగి నిలిచే చెట్ల మీద గూడకొంగలు గూళ్లు కట్టుకుంటే ఊరు వాటి జోలికి పోదు. 1976లో నేలపట్టునూ పులికాటునూ పక్షుల సంరక్షణ కేంద్రాలుగా ప్రకటించేనాటికి నేలపట్టు పిట్టలను కాచింది ఊరివాళ్లే. బోర్డు తర్వాత వచ్చింది. ఎవరికి మేలు కలుగుతుందో వాళ్లే వేటకు అడ్డుకట్ట వేసినప్పుడు అది నిలిచింది. పోలీసు అక్కర్లేకుండా నిలిచింది.

1972 వన్యప్రాణి చట్టం మొదట్లో లైసెన్సు మీద కొంత వేటను అనుమతించేది. 1991 సవరణతో ఆ తలుపు మూశారు. కాబట్టి ఆదివారం తుపాకీ వేట వివాదం మనదేశంలో పుట్టకుండానే ముగిసింది, ఏడు రోజులూ నిషేధమే. ఎలుకలను మాత్రం 1972 చట్టం అప్పుడే చంపదగిన ప్రాణుల జాబితాలో ఉంచింది. యానాది కుండకు అది ఒక్కటే ఊరట.

వేట ఆగలేదు మాత్రం. ఈ తీరంలో వేట అంటే అసలు అర్థం సముద్రం మీదికి పోవడమే. తూపిలిపాలెం నుంచి ఇసకపల్లి దాకా ఏ పాలెంలో అడిగినా 'వేటకు పోయాడు' అంటే వల తీసుకుని పోయాడనే. ఆ వేటకు సెలవు ఎప్పుడన్నది ఇప్పటి తగువు.

పాలేల్లో ఊరి పెద్దలైన కాపులు దురాయి (ఆన) వేస్తే ఆ రోజు తెప్ప కదలదు. ఊళ్లో చావు పడినా, గంగమ్మ జాతర వచ్చినా వల ఒడ్డునే ఉంటుంది. ఇది ఊరు తనకు తాను పెట్టుకున్న కట్టు. కేరళలో తిరువనంతపురం తీరాన లాటిన్ కాథలిక్కులు ఆదివారం సముద్రం మీదికి పోరు. అదీ అలాంటి కట్టే. తమిళనాట రామనాథపురం వైపు మరపడవలకు వారంలో మూడు రోజులు, నాటుపడవలకు నాలుగు రోజులు అని ప్రభుత్వమే వారాన్ని పంచింది. ఆ పంపకం ఎంత బాగా నడిచిందో అన్నది వేరే చర్చ. మన దగ్గర వారాన్ని పంచమని అడిగేవాళ్లు తక్కువ, ఆదివారాన్ని అసలే అడగరు. కారణం బజారు చెబుతుంది. నెల్లూరు సంతలో చేపకు ధర పలికేది ఆదివారమే. వంజరమైనా, పండుగప్పైనా, మామూలు రోజున బేరమాడే ఇల్లాలు ఆదివారం ఉదయం అడిగినంతా ఇచ్చి తీసుకెళుతుంది. శనివారం రాత్రి వేట మానుకున్న పాలెం ఆ వారం అప్పు తీర్చలేదు.

ప్రభుత్వం చెప్పే సెలవు ఇంకొకటి ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు, మోటారు పడవలు సముద్రం మీదికి పోకూడదు. 2015కు ముందు ఇది నెలన్నర. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని వదిలేయాలన్నది ఉద్దేశం. 1912 చట్టం పిట్టలకు ఇచ్చిన వెసులుబాటే ఇది. మోటారు లేని తెప్పలకు మినహాయింపు ఉంది. ఈ రెండు నెలలకు ఇచ్చే సాయం 4,000 రూపాయల నుంచి 2019లో 10,000కు, 2025లో 20,000కు పెరిగింది. పెంచడం మంచిదే. అయితే సాయం పడవ లెక్కన నడుస్తుంది. పడవ పత్రం ఉండాలి, అందులో పనిచేసే మనిషిగా పేరు ఎక్కాలి. పులికాటు బురదలో నడుము లోతు నీళ్లలో చేత్తో రొయ్యలు వెదికే యానాది ఆడమనిషికి పడవా లేదు, పత్రమూ లేదు.

సెలవు అందరికీ ఒకేలా వర్తించకపోవడం ఇంకో బాధ. 1994 ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలదే. కడలూరు, కారైకాల్ వైపు నుంచి వచ్చే పెద్ద మరపడవలు ఆ గీత దాటి ఒడ్డు దగ్గరికి వచ్చి అడుగంటా ఊడ్చుకుపోతున్నాయని నెల్లూరు పాలేలు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాయి. నడిసంద్రంలో వలలు తెగాయి, పడవలు పట్టుకున్నారు, ఒడ్డున పంచాయితీలు జరిగాయి. రెండు వైపులా ఉన్నది గంగపుత్రులే కాబట్టి ఈ గొడవ మరింత బాధ పెడుతుంది. తన సెలవును తాను పాటించి తిరిగొచ్చేసరికి సముద్రం ఖాళీగా కనిపిస్తే, వచ్చే ఏడు ఆ సెలవు మీద మనిషికి గౌరవం ఎక్కడ మిగులుతుంది?

వీటన్నిటికీ తోడు ఇక్కడ ఇంకో సెలవు ఉంది. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. యానాదుల్లో చాలామంది దీవి వదిలి రావాల్సి వచ్చింది. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. అప్పటి నుంచి ప్రయోగం ఉన్నప్పుడల్లా చుట్టుపక్కల సముద్రంలోకి వేటకు పోవద్దని పాలేలకు ముందే హెచ్చరిక వస్తుంది. ప్రయోగం వాయిదా పడితే వేట కూడా వాయిదా పడుతుంది. 2021 ఫిబ్రవరి 28న బ్రెజిల్ ఉపగ్రహంతో పీఎస్ఎల్వీ, 2023 మార్చి 26న 36 వన్‌వెబ్ ఉపగ్రహాలతో ఎల్వీఎం3 ఎగిరాయి. రెండూ ఆదివారాలే. 1831 చట్టం తేలేని ఆదివారం వేట నిషేధం చివరికి ఈ తీరానికి ఆకాశం మీదుగా వచ్చింది. దేశానికి గర్వకారణమైన ఆ ఉదయాల్లో కోల్పోయిన వేటకు పాలేనికి కూలి కట్టివ్వడం న్యాయం. 61 రోజులకు లెక్క కట్టగలిగిన ప్రభుత్వానికి ప్రయోగ దినాల లెక్క కట్టడం కష్టం కాదు. ఆ లెక్క వేసేటప్పుడు కొండూరుపాలెం కాపునూ, ఇరకం దీవి నుంచి ఒక మనిషినీ, వేనాడు పక్కన చేత్తో వేటాడే యానాది ఆడమనిషినీ పిలిచి కూర్చోబెట్టాలి. వేడంతాంగల్ రైతుల మొరను 1798లో ఒక కంపెనీ కలెక్టరే విన్నాడు.

2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది. సరస్సు మీద ఇప్పుడు రెండు రాష్ట్రాల అటవీ శాఖలు, రెండు రాష్ట్రాల మత్స్య శాఖలు, అంతరిక్ష సంస్థ తలా ఒక మాట చెబుతున్నాయి. పులికాటుకు సముద్రం నుంచి నీళ్లు వచ్చే ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడుకుపోవడం ఈ తగువులన్నిటికీ అడుగున ఉన్న సంగతి. రాయదరువు దగ్గర మొదలుపెట్టి వచ్చే భాగంలో ఆ ముఖద్వారాల కథ చెప్పుకుందాం.